ఏలినవారి హిమాలయమంత ఓర్పు

ఏలినవారికి దండాలు. ఢిల్లీ కార్యాలయాల్లో కూర్చుని మంచుకొండల మీది జవానుకు బూటు దగ్గర నుంచి బియ్యపు గింజ దాకా సమకూర్చే పెద్దలకు, టెండర్లు పిలిచేవారికి, నమూనాలు పరీక్షించేవారికి, ఫైలు మీద సంతకం పెట్టేవారికి, ఆ సంతకానికి ముందు ఇంకో సంతకం కావాలనేవారికి, అందరికీ పేరుపేరునా దండాలు. శత్రుసేన మీదికి వస్తుంటే కదలవేమయ్యా అని సింహాద్రి అప్పన్నను గోగులపాటి కూర్మనాథకవి శతకం కట్టి నిలదీశాడు. దేవుడి మీద నమ్మకం పోయి కాదు, ఉండబట్టే అడిగాడు. నాకూ మీ మీద నమ్మకం ఉంది. మీకు చేతకాదని నేను ఎన్నడూ అనుకోలేదు. చేతనై ఉండి ఆలస్యం చేశారు గనుకే ఈ స్తుతి.

ముందుగా జవాను ఒంటి మీద మీకున్న నమ్మకాన్ని కీర్తించాలి. కన్నతల్లికి కూడా బిడ్డ ఒంటి మీద అంత నమ్మకం ఉండదు. 1962లో ఇప్పటి అరుణాచల్ ప్రదేశ్‌లోని నామ్కా చూ ఏటి ఒడ్డుకు 7వ బ్రిగేడ్‌ను పంపినప్పుడు మీరు చూపింది ఆ నమ్మకమే. మైదానాల్లో ఉన్న బెటాలియన్లు నూలు యూనిఫాంలతో, కాన్వాస్ బూట్లతో, చాలీచాలని దుప్పట్లతో కొండలెక్కాయి. 14,000 అడుగులకు పైనున్న త్సాంగ్‌ధార్ దగ్గర విమానాలు జారవిడిచిన సామానులో చాలా భాగం లోయల్లోకి దొర్లిపోయింది. పలచటి గాలికి ఒళ్లు అలవాటుపడే వ్యవధి కూడా ఇవ్వలేదు. తుపాకీ పేలకముందే చలికీ ఎత్తుకూ జబ్బుపడ్డవాళ్లున్నారు, పోయినవాళ్లున్నారు. అక్టోబరు 20 తెల్లవారుజామున చైనా సేన విరుచుకుపడితే కొన్ని గంటల్లో బ్రిగేడ్ చెదిరిపోయింది. బ్రిగేడియర్ జాన్ దాల్వీ బందీగా చిక్కాడు. ఓడింది బ్రిగేడ్ కాదు. ఆ మనుషులను ఆ బట్టలతో అక్కడికి పంపిన నిర్ణయం ఓడింది.

అదే ఏడు నవంబరు 18న లడఖ్‌లోని రెజాంగ్ లా దగ్గర 13వ కుమావూ బెటాలియన్‌కు చెందిన చార్లీ కంపెనీ నిలబడింది. 16,000 అడుగులకు పైన ఎత్తు. అక్కడున్నవాళ్లలో ఎక్కువమంది హర్యానా పల్లెల నుంచి వచ్చినవాళ్లు, మంచు ఎరగని రైతుబిడ్డలు. మేజర్ షైతాన్ సింగ్‌తో కలిపి 114 మంది అక్కడే ఒరిగారు. నెలల తర్వాత మనవాళ్లు వెళ్లి చూస్తే చేతుల్లో ఆయుధాలతోనే గడ్డకట్టి ఉన్నారు. ఆ శౌర్యాన్ని మీరు పొగిడారు, మేమూ పొగిడాం, పరమవీర చక్రం ఇచ్చుకున్నాం. అది వాళ్ల సొత్తు. మీరు ఇవ్వవలసినవి ఉన్ని బట్టలు, మంచు బూట్లు, సరిపడా గుండ్లు, వెనక ఫిరంగుల అండ. వాళ్లు తమ వంతు ఇచ్చేశారు. మీ వంతు మిగిలిపోయింది.

ఆ శీతకాలం దేశం చేసిన పని ఒకటి చెప్పాలి. ఊరూరా ఆడవాళ్లు జవాన్ల కోసం స్వెటర్లు అల్లారు. ఒంటి మీది బంగారం రక్షణ నిధికి ఒలిచి ఇచ్చారు. మంచు ఎన్నడూ చూడని తెలుగు ఊళ్ల నుంచి కూడా ఆ నిధికి డబ్బు, నగలు వెళ్లాయి. ఖజానా చేయవలసిన పనిని గృహిణులు చేతికెత్తుకున్నారు. అంత ప్రేమగల జనాన్ని ఏలే భాగ్యం మీది. ఆ జనానికి మీరు చెప్పవలసిన జవాబు మాత్రం బాకీ ఉండిపోయింది. ఆ ఓటమి మీద లెఫ్టినెంట్ జనరల్ హెండర్సన్ బ్రూక్స్, బ్రిగేడియర్ భగత్ విచారించి 1963లోనే నివేదిక ఇచ్చారు. ప్రభుత్వాలు మారాయి, పార్టీలు మారాయి, తరాలు మారాయి. ఆ నివేదికను మాత్రం మీరు అధికారికంగా బయటపెట్టలేదు. కొంత భాగం 2014లో ఒక విదేశీ పాత్రికేయుడి చేతి మీదుగా బయటికొచ్చినా మీ నిష్ఠ చెక్కుచెదరలేదు. సరిహద్దుకు లేని కాపలా ఆ కాగితాలకు దొరికింది. ఏ తప్పు వల్ల ఎవరు చనిపోయారో పిల్లలకు చెప్పని ఇంట్లో అదే తప్పు మళ్లీ జరుగుతుంది. మన ఇంట్లో జరిగింది.

మీరు ఏమీ నేర్చుకోలేదని అంటే అబద్ధం అవుతుంది. నేర్చుకున్నారు, లోకం మెచ్చేంత నేర్చుకున్నారు. ఈ మెప్పులో మెలిక లేదు. 1962 తర్వాత పర్వత డివిజన్లు లేపారు. గుల్మార్గ్‌లో 1948లో చిన్న స్కీ పాఠశాలగా మొదలైన హై ఆల్టిట్యూడ్ వార్‌ఫేర్ స్కూల్‌ను పెంచి పెద్ద చేశారు. మన సైనిక వైద్యులు ఇందర్ సింగ్, ఆయన సహచరులు 1,925 మంది సైనికులను పరిశీలించి ఎత్తు తెచ్చే జబ్బు గురించి 1969లో అచ్చువేసిన పరిశోధన ఆ రంగంలో మూలస్తంభం. ఆ అనుభవంలోంచి పుట్టిన పద్ధతి ఇప్పటికీ నడుస్తోంది. 9,000 నుంచి 12,000 అడుగుల ఎత్తులో ఆరు రోజులు, 15,000 దాకా మరో నాలుగు రోజులు, ఆపైకి వెళ్లేముందు ఇంకో నాలుగు రోజులు. మొదటి రెండు రోజులు కేవలం విశ్రాంతి, తర్వాత మెల్లగా నడక, ఆ తర్వాత ఎక్కడం. జనరల్ అయినా ఆ మెట్లు ఎక్కకుండా పైకి పోకూడదు. శరీరం ఎత్తును ఎలా అరాయించుకుంటుందో లోకానికి పాఠం చెప్పినవాళ్లు మనవాళ్లు. తెలియక చేసిన తప్పును క్షమించవచ్చు. తెలిసి చేసినదానికి ఏ పేరు పెట్టాలి?

సియాచిన్ మీద పట్టు కోసం 1984 ఏప్రిల్ 13న ఆపరేషన్ మేఘదూత్ మొదలైంది. కెప్టెన్ సంజయ్ కులకర్ణి నాయకత్వాన మొదటి దళం హెలికాప్టర్ల నుంచి బిలాఫోండ్ లా మీద దిగింది. ఆ సాహసానికి తగిన చలి దుస్తులు విదేశాల నుంచి రావాలి, బయలుదేరే గడియ దగ్గరపడ్డాక గానీ అందలేదు. 76 కిలోమీటర్ల పొడవున్న సియాచిన్ హిమానీనదం అప్పటి నుంచి మన చేతిలోనే ఉంది. దానికి మనం ఇచ్చిన మూల్యం పార్లమెంటులో ప్రభుత్వమే చెప్పింది. 1984 నుంచి 2015 చివరి దాకా 869 మంది. పాకిస్తాన్‌తో 2003 నవంబరులో కాల్పుల విరమణ కుదిరింది, మంచుతో కుదరలేదు. ఎదుటివాడి గుండ్ల కంటే చలి, హిమపాతాలు, ఊపిరితిత్తుల్లో చేరే నీరు ఎక్కువమందిని తీసుకుపోయాయి. 1984 మేలో అదే ఆపరేషన్‌లో హిమపాతం కింద తప్పిపోయిన లాన్స్ నాయక్ చంద్రశేఖర్ హర్బోలా భౌతికకాయం 2022 ఆగస్టులో దొరికింది. ముప్పై ఎనిమిదేళ్ల తర్వాత. మెడలోని గుర్తింపు బిళ్ల మీది నంబరు పోల్చి ఇంటికి కబురు చేశారు.

ఇప్పుడు మీ గుణాల్లోకెల్లా పెద్దది, మీ ఓర్పు. సియాచిన్‌లో, లడఖ్‌లో జవానుకు కావలసిన దుస్తులు, సామగ్రి త్వరగా కొనాలని 2007లో మీరే ఒక సాధికార కమిటీ వేసుకున్నారు. డబ్బు ఖర్చు చేసే అధికారం పెంచుకున్నారు. ఆ తర్వాత ఏమైందో 2020 ఫిబ్రవరిలో పార్లమెంటు ముందుకొచ్చిన కాగ్ నివేదిక చెప్పింది. ఆ కొనుగోళ్లలో నాలుగేళ్ల దాకా జాప్యం. మంచు కళ్లద్దాల కొరత 62 నుంచి 98 శాతం. 2015 నవంబరు నుంచి 2016 సెప్టెంబరు వరకు బహుళ ప్రయోజన బూట్లు అసలు అందక, ఉన్న బూట్లనే బాగుచేయించి మళ్లీ తొడిగించారు. ముఖానికి తొడిగే మాస్కులు, జాకెట్లు, నిద్రసంచులు మెరుగైన రకం ఉండగా పాత రకమే కొన్నారు. సైనికుల వసతి కోసం తలపెట్టిన ప్రయోగాత్మక పథకం 274 కోట్ల రూపాయలు మింగి కూడా ఫలించలేదు. నాలుగేళ్లు ఎదురుచూడగలగడం సామాన్యులకు సాధ్యం కాదు. అందులోనూ వెచ్చటి గదిలో కూర్చుని, చలిలో ఉన్నవాడి తరఫున ఎదురుచూడటానికి చాలా గట్టి గుండె కావాలి.

ఒక బూటు నాలుగేళ్లు ఆలస్యమైతే ఏమవుతుందో దగ్గరగా చూద్దాం. 18,000 అడుగుల పైన గస్తీ అంటే ఒకే తాడుకు నలుగురైదుగురు నడుం కట్టుకుని, మంచు కింద దాగిన పగుళ్లను కర్రతో పొడిచి చూసుకుంటూ నడవడం. అడుగు తీసి అడుగు వేయడానికి ఒళ్లంతా చెమట పడుతుంది. మంచి బూటులో లోపలి పొర ఆ చెమటను పీల్చుకుంటుంది, విడిగా తీసి ఆరబెట్టుకోవచ్చు. అరిగిపోయిన బూటులో ఆ చెమట అక్కడే ఉండిపోతుంది. నడక ఆగిన కొద్ది నిమిషాల్లో మేజోడు గట్టిపడుతుంది. ముందు వేళ్లు మండుతాయి, తర్వాత మొద్దుబారతాయి. మంట తగ్గిందని జవాను ఊపిరి పీల్చుకునే ఆ క్షణమే అసలు ప్రమాదం. వేళ్లు తెల్లబడతాయి, తర్వాత నల్లబడతాయి. వాతావరణం అనుకూలించి హెలికాప్టర్ వస్తే కింది ఆసుపత్రికి చేరతాడు. రాకపోతే బంకర్‌లో బుఖారీ పొయ్యి పక్కన కూర్చుని ఎదురుచూస్తాడు, ఆ కిరోసిన్ మసి పీలుస్తూ. వేళ్లు పోయిన సిపాయి మళ్లీ ఆ కొండ ఎక్కలేడు. ఊరికి వెళ్లాక పొలంలో నాగలి వెనక నడవడమూ కష్టమే. ఇరవై రెండేళ్ల కుర్రాడి కాలివేళ్లు, ఒక టెండరుకు సాంకేతిక నమూనా ఖరారు కాకపోవడం వల్ల పోవడం ఎవరి రాతలోనూ ఉండకూడదు.

కళ్లద్దాల సంగతీ అంతే. అంత ఎత్తులో ఎండ నేరుగా పడటమే కాదు, మంచు మీద పడి కింద నుంచి కూడా కొడుతుంది. కొన్ని గంటలు కళ్లు కప్పుకోకపోతే కంటిపొర కాలుతుంది. ఆ రాత్రి కళ్లలో ఇసుక పోసినట్టు మంట, మర్నాడు రెప్ప తెరవలేడు. తాడుకు కట్టుకున్న నలుగురిలో ఒకడికి చూపు లేకపోతే నలుగురికీ ముప్పే. వందలో అరవై రెండు లేవంటే దాన్ని కొరత అనవచ్చు. తొంభై ఎనిమిది లేవంటే, ఆ వస్తువు ఆ లెక్కల పుస్తకంలో తప్ప ఇంకెక్కడా లేదని అర్థం.

మీ పొదుపును కూడా తలచుకోవాలి. అక్కడ ఆకలి చచ్చిపోతుంది, తినాలనిపించదు. ఒంటికి మాత్రం మామూలు కంటే చాలా ఎక్కువ శక్తి కావాలి. అందుకే సియాచిన్ రేషన్‌కు ప్రత్యేక జాబితా ఉంది. ఆ జాబితాలోని వస్తువు దొరకనప్పుడు బదులుగా ఇంకొకటి ఇచ్చేటప్పుడు మీరు పోషణకు పోషణ చూడలేదు, ధరకు ధర చూశారు. బదులు వస్తువు ఖరీదెక్కువైతే పరిమాణం తగ్గిపోయింది. దానివల్ల కొన్నిచోట్ల అందవలసిన క్యాలరీలు 82 శాతం దాకా తగ్గాయని కాగ్ తేల్చింది. లేహ్‌లో కొన్ని వస్తువులు అందకుండానే అందినట్టు చూపారనీ రాసింది. రూపాయి లెక్క సరిపోయింది, ఆడిట్‌కు చూపే కాలమ్ సరిపోయింది. కంచం దగ్గర కూర్చున్నవాడికే సరిపోలేదు. ఖజానా సొమ్ము జాగ్రత్తగా వాడటం మీ ధర్మం, కాదనను. పోషణ తగ్గిన ఒళ్లు చలికి త్వరగా లొంగుతుంది. అక్కడ మిగిల్చిన ప్రతి రూపాయినీ ఆసుపత్రి మంచం దగ్గర అంతకు ఎన్నో రెట్లు కట్టవలసి వస్తుంది. అది పొదుపు లెక్కలోకి రాదు.

ఆ నివేదిక వచ్చినప్పుడు మీ తరఫున వచ్చిన జవాబునూ మెచ్చుకోవాలి. ఆ లెక్కలు పాతవి, ఇప్పుడు పూర్తిగా సిద్ధంగా ఉన్నాం అన్నారు. 2015 నుంచి 2018 దాకా ఆ మంచులో నిలబడ్డవాడికి ఆ శీతకాలాలు పాతబడవు. అతని కాలివేళ్లకు కాలదోషం పట్టదు. సరే, సిద్ధంగా ఉన్నామన్న మాటను దేశం నమ్మింది. నాలుగు నెలలు తిరిగేసరికి జూన్ 15 రాత్రి గాల్వాన్ లోయలో చైనా సేనతో ఘర్షణలో ఇరవై మంది నేలకొరిగారు. ముందు నిలిచి నడిపిన 16 బిహార్ కమాండింగ్ ఆఫీసర్ కర్నల్ సంతోష్ బాబు మన సూర్యాపేట బిడ్డ, కోరుకొండ సైనిక్ స్కూల్లో చదివినవాడు. ఆ తర్వాత తూర్పు లడఖ్‌కు అదనంగా వేలాది సైనికులను తరలించారు. శీతకాలం తరుముకొస్తుంటే అందరికీ చలి దుస్తులు కావాల్సివచ్చింది. 2016లో అమెరికాతో చేసుకున్న సరఫరా ఒప్పందం కింద వేల జతలు ఆదరాబాదరాగా తెప్పించారు.

ఇక్కడ మీ వేగాన్ని మనసారా మెచ్చుకుంటున్నాను. నాలుగేళ్లు కదలని కొనుగోలు కొన్ని వారాల్లో కదిలింది. విమానాలు రాత్రింబవళ్లు లేహ్‌లో దిగాయి. వేడి నిలిచే ఇళ్లు, పడకలు, నీటి వసతి శీతకాలానికి ముందే లేచాయి. మైనస్ ముప్పై, నలభై డిగ్రీల చలిలో అంత పెద్ద సైన్యాన్ని నిలబెట్టడం చిన్న విషయం కాదు. ఆ పని చేసిన ఇంజనీర్లకు, డ్రైవర్లకు, సరఫరా దళాలకు దేశం రుణపడి ఉంది. మీ మీద నేను మోపే నేరాల్లో ఇదే పెద్దది. చేయగలరని మీరే రుజువు చేశారు. డబ్బు ఉంది, దారి ఉంది, మనుషులున్నారు, తెలివి ఉంది. లేనిదల్లా శత్రువు గుమ్మంలోకి రాకముందే కదలాలన్న పట్టుదల. చేతులు కాలాక ఆకులు పట్టుకునే అలవాటు మనది. కాలేవి జవాను చేతులు.

ఈ జబ్బు మనకొక్కరికే లేదు. 1941 శీతకాలంలో హిట్లర్ సేన వేసవి బట్టలతో మాస్కో వాకిట నిలబడింది. డిసెంబరులో ఉన్ని బట్టలు, బొచ్చు కోట్లు దానం చేయమని జర్మనీలో ఇంటింటా అడిగారు. అప్పటికి లక్షమందికి పైగా మంచుకాటుకు గురయ్యారు. ఆ శీతకాలం గడిపినవారికి 1942లో ఒక పతకం ఇచ్చారు. సైనికులు దానికి పెట్టుకున్న పేరు గడ్డకట్టిన మాంసం పతకం. 1943 మేలో అలూషియన్ దీవుల్లోని అట్టు మీదికి అమెరికా తన 7వ డివిజన్‌ను పంపింది. ఆ డివిజన్ కాలిఫోర్నియా ఎడారిలో శిక్షణ పొందింది. తోలు బూట్లతో తడి మంచులో దిగింది. పోరులో చనిపోయినవారు 549 మంది అయితే, చలి దెబ్బకు పనికిరాకుండా పోయినవారు 1,200 దాకా ఉన్నారు. కోటు ఇవ్వలేని రాజ్యం పతకం ఇస్తుంది. బూటు ఇవ్వలేనివాళ్లు శిలాఫలకం ఇస్తారు. ఆ వరసలో మనం నిలబడకూడదు. స్వతంత్ర దేశపు సైన్యం తన బిడ్డలను చక్రవర్తుల సైన్యాల్లా ఖర్చు చేయకూడదు.

సామగ్రితో పాటు శిక్షణ మాటా చెప్పాలి. మంచు విద్య పుస్తకంతో వచ్చేది కాదు. సియాచిన్ బేస్ క్యాంపు దగ్గరి పాఠశాలలో మంచుగోడ ఎక్కడం, పగుల్లో పడ్డవాణ్ణి పైకి లాగడం, గొడ్డలి పాతి జారుడు ఆపుకోవడం నేర్పుతారు. నేర్పేవారు గొప్పవారు. కానీ పోస్టు మీద ఒక జవాను ఉండేది సుమారు మూడు నెలలు. యూనిట్లు వంతులవారీగా వస్తాయి, నేర్చుకుంటాయి, ఎడారికో మైదానానికో వెళ్లిపోతాయి. కార్గిల్ తర్వాత 2000లో లడఖ్ స్కౌట్స్‌ను పూర్తిస్థాయి రెజిమెంట్‌గా చేశారు. చలిలో పుట్టి పెరిగినవాళ్ల విలువ గుర్తించిన మంచి నిర్ణయం అది. 2022లో వచ్చిన అగ్నిపథ్ పథకంలో సేవ నాలుగేళ్లు, ఆపై నిలుపుకునేది నాలుగోవంతు మందిని. శిక్షణ పోను, సెలవులు పోను, మంచు మీద గడిపే కాలం ఎంత మిగులుతుంది? మొదటి శీతకాలం మనిషికి భయం నేర్పుతుంది, రెండోది ఒడుపు నేర్పుతుంది. మూడోసారికి గానీ పక్కవాణ్ణి కాపాడే సత్తా రాదు. ఆ సత్తా వచ్చినవాళ్లలో ఎక్కువమందిని ఇంటికి పంపే ఏర్పాటు చేస్తే, పాత హవల్దారు కొత్త కుర్రాడి వేళ్లు చూసి బూటు విప్పురా అని కసిరే పద్ధతి బలహీనపడుతుంది. ఎన్నో ప్రాణాలు నిలిచింది ఆ కసురు వల్లే.

ఏలినవారిలోనే ఒకాయన ఒక దారి చూపించిపోయారు. 1998లో రక్షణ మంత్రిగా ఉన్న జార్జి ఫెర్నాండెజ్, సియాచిన్‌కు కావలసిన స్నో స్కూటర్ల కొనుగోలు ఫైలు ఢిల్లీలో ఆగిపోయిందని తెలుసుకున్నారు. ఫైలు ఆపిన అధికారులనే సియాచిన్ వెళ్లి చూసి రమ్మన్నారు. అది శిక్ష అని లోకం అనుకుంది. నాకు మాత్రం ఆ అధికారులకు జరిగిన గొప్ప గౌరవంగా కనిపిస్తుంది. తాము సంతకం చేసే కాగితం ఏ చర్మానికి తగులుతుందో చూసే భాగ్యం కలిగింది. చేతి తొడుగు లేకుండా రైఫిల్ ఇనుము పట్టుకుంటే చర్మం ఎలా అంటుకుపోతుందో, టిన్ను తెరిచి వేడిచేసిన కూర నోటిదాకా వచ్చేసరికి ఎలా చల్లబడుతుందో, పక్క గుడారానికి వెళ్లడానికి కూడా ఊపిరి ఎలా అందదో ఏ నోట్‌షీట్‌లోనూ రాయరు. అది ఒక మంత్రి చొరవగా మిగిలిపోయింది, పద్ధతిగా మారలేదు.

2016 ఫిబ్రవరి 3న 19,600 అడుగుల ఎత్తున సోనమ్ పోస్టు మీద హిమపాతం పడింది. 19 మద్రాస్ బెటాలియన్ జవాన్లు పది మంది దాని కింద కూరుకుపోయారు. వాళ్లలో సిపాయి ముస్తాక్ అహ్మద్ అప్పటి కర్నూలు జిల్లా పార్నపల్లె వాడు. కర్ణాటకకు చెందిన హనుమంతప్ప కొప్పద్ ఆరో రోజున మంచు కింద ప్రాణాలతో దొరికి, ఫిబ్రవరి 11న ఢిల్లీలో కన్నుమూశాడు. ఆ మరణాలకు మీ ఫైలే కారణమని నేను అనను. హిమపాతం ఎంత మంచి బూటునైనా మింగుతుంది. అంత మంచులో వెతికి ఒక ప్రాణాన్ని పైకి తీసిన వాళ్లకు నా నమస్కారం. అయితే ఒక్క మాట. కొండ తీసుకునే ప్రాణాలను మనం ఆపలేం. అందుకే మన చేతిలో ఉన్నవాటి వల్ల ఒక్కటి కూడా పోకూడదు. నల్లమల ఎండల్లో పెరిగిన పిల్లవాణ్ణి అక్కడికి పంపేటప్పుడు కర్నూలు తల్లి బూట్ల కొలత అడగదు, కాంట్రాక్టు ఎవరిదని అడగదు. సర్కారు చూసుకుంటుందనుకుంటుంది. ఆ నమ్మకమే మీకు దొరికిన అతిపెద్ద నిధి. దాన్ని ఏ టెండరు ద్వారానూ కొనలేరు.

మీరు జవానును పొగిడే తీరు కూడా నాకు తెలుసు. గణతంత్ర దినాన పొగుడుతారు, ఎన్నికల సభలో పొగుడుతారు, శవపేటిక మీద జెండా కప్పి పొగుడుతారు. మేమూ వాట్సాప్‌లో సియాచిన్ ఫొటో పంపి, అంత చలిలో ఎలా ఉంటాడో కదా అని కళ్లు తుడుచుకుంటాం. ఈ నేరంలో మాకూ పాలుంది. అతని ఓర్పును ఎంత పొగిడితే మీకు అంత వెసులుబాటు. అతను ఓర్చుకోగలడని అందరం ఒప్పుకున్నాక, ఓర్చుకోనవసరం లేకుండా చేయవలసిన వాళ్లను అడిగేవారుండరు. పొగడ్త ఖర్చులేని సరఫరా. ఏ డిపోలోనూ దానికి కొరత రాలేదు. అందుకే ఇప్పుడు దాన్ని ఆపి, కొరత ఉన్నవాటి గురించి మాట్లాడాలి.

కోరేవి పెద్దవేమీ కావు. ఏటా మంచు పడకముందే, సెప్టెంబరులోగా, ఎత్తైన ప్రాంతాల్లోని ప్రతి యూనిట్‌కు బూట్లు, కళ్లద్దాలు, జాకెట్లు, నిద్రసంచులు పూర్తిగా అందాయా లేదా అన్నది పార్లమెంటు స్థాయీ సంఘం ముందు లెక్క చెప్పండి. శత్రువుకు తెలియకూడని అంకెలుంటే మూసిన గదిలో చెప్పండి, చెప్పడం మాత్రం మానకండి. అత్యవసరంగా తెప్పించుకునే గతి పట్టకుండా, అదనపు బలగాలకు కూడా సరిపడే నిల్వ శాంతికాలంలోనే ఉంచండి. రేషన్‌లో బదులు వస్తువు ఇచ్చేటప్పుడు ధర చూడకుండా క్యాలరీ చూడండి. విదేశాల మీద ఆధారపడనవసరం లేని బూటు, జాకెట్టు మన దగ్గరే తయారు కావాలంటే మన మిల్లులకు ఏడాదికో ఆర్డరు కాకుండా పదేళ్ల భరోసా ఇవ్వండి, నాణ్యత దగ్గర రాజీ పడకండి. మంచు విద్య వచ్చిన హవల్దార్లను, శిక్షకులను నిలుపుకోండి. కొనుగోలు ఫైలు చూసే ప్రతి అధికారీ ఏడాదికి ఒకసారి, శీతకాలంలో, ఆ పోస్టుల దాకా వెళ్లి రావాలని నియమం పెట్టండి. 1962 ఓటమి మీది నివేదికను బయటపెట్టండి. చనిపోయినవారి మనవలు చదువుకునే వయసు దాటిపోతున్నారు.

వీటిలో ఏదీ మీ శక్తికి మించింది కాదని 2020లో మీరే చూపించారు. అప్పుడు చైనా మిమ్మల్ని కదిలించింది. ఇకమీదట పొరుగుదేశం ఊసు లేని ఏడాదిలో కూడా, పత్రికల్లో సియాచిన్ పేరు రాని నెలలో కూడా, ఆ ఫైలు అదే వేగంతో కదలాలి. కదిలిన నాడు ఈ స్తుతిలోని వెటకారమంతా తీసేసి, పొగడ్త ఒక్కటే మిగిల్చి మళ్లీ రాస్తాను. అందాకా మీకు నా దండాలు, జవానుకు మీ బాకీ.